ఒక్క రింగంటే చేరినట్టు

జానకీదేవి షాపు ఫోన్ నంబరు ఇరవై తొమ్మిదేళ్లుగా మారలేదు. షాపు మాత్రం మూడు రకాలుగా మారింది. మొదట ఎస్టీడీ బూత్, తర్వాత సెల్ రీఛార్జి, ఇప్పుడు జిరాక్సు, ఆధార్ ఫారాలు. మేడ్చల్ పాత బస్టాండు దగ్గర పదడుగుల గది అది. జిరాక్సు మిషను పక్కన చిన్న బల్ల మీద గోధుమ రంగు ల్యాండ్‌లైన్ ఫోను ఉంటుంది. దాని నుంచి ఎవరూ ఫోన్ చేయరు. దానికి వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం రాంగ్ నంబర్లు. అయినా ఆమె రోజూ పొద్దున షట్టర్ తీయగానే రిసీవర్ ఎత్తి, లోపల గుయ్యిమనే చప్పుడు వినపడుతోందో లేదో చూసి పెట్టేస్తుంది.

ఆ చలికాలంలో రోడ్డు వెడల్పు చేయడానికి షాపు గోడ మీద ఎర్ర రంగుతో గీత గీశారు. ఆ గీత గది నడిమధ్యకు వచ్చింది. వారం తిరక్కముందే టెలిఫోన్ లైన్లు చూసే కుర్మయ్య వచ్చాడు.

"అక్కా, గీ రాగి తీగె ఇగ ఉండదు. రోడ్డు దవ్వుడు షురూ అయితె మొత్తం తీసి పారేస్తరు. ఎవరికైన ఫైబరే."

"నంబరు?"

"గీ ఎక్స్చేంజి కిందనే ఇంకో జాగకు వోతె గిదే నంబరు. సుచిత్ర దిక్కు వోతున్నవంట గద, ఆడ కొత్త నంబరిస్తరు."

సుచిత్రకు మారే మాట అతనికి ఎవరు చెప్పారో ఆమె అడగలేదు. అన్న కూతురు నయనది అక్కడే అపార్టుమెంటు. కింద ఒక షాపు ఖాళీగా ఉందని, లిఫ్టు ఉందని, అత్తమ్మ ఒక్కతే మేడ్చల్‌లో ఉండి ఏం చేస్తుందని నయన ఆరు నెలలుగా అడుగుతోంది. జానకీదేవి ఎడమ కాలు పోలియోతో సన్నబడింది. కాలికి ఇనుప కడ్డీల కాలిపర్ వేసుకుని నడుస్తుంది. యాభై అయిదేళ్లు వచ్చాయి. మెట్లు ఎక్కలేదు.

"సెల్ నంబరైతె ఏ కంపెనీకి మారినా పోదు గద కుర్మయ్యా. నేనే ఎంతమందికి మార్పిచ్చిన."

"సెల్ ముచ్చట వేరే అక్కా. గిది గోడకు కట్టేసిన నంబరు." అతను నవ్వాడు. "ఇగ దీంతోటి నీకేం పని? ఒక్కలు గూడ జెయ్యరు. తీసేస్తె పీడ వోతది."

అతను వెళ్లాక ఆమె రిసీవర్ ఎత్తి చూసింది. చప్పుడు ఉంది.

*

బూత్ ఆమెకు తొంభై అయిదులో వచ్చింది, వికలాంగుల కోటాలో. అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. పెళ్లి మాట ఇంట్లో మెల్లగా ఆగిపోయిన రోజులు. గాజు తలుపు, లోపల స్టూలు, పైన ఎర్రటి అంకెలు తిరిగే బిల్లింగ్ మిషను. మూడు నెలల్లో మేడ్చల్ అంతటికీ ఆమె "ఎస్టీడీ అక్క" అయింది. రాత్రి రేట్లు తగ్గే వేళకు గుమ్మం బయట మనుషులు వరసలో నిలబడేవాళ్లు. ఎవరు ఎవరితో కొట్లాడుతున్నారో, ఎవరి కోడలు ఎప్పుడు నీళ్లాడిందో గాజు తలుపు ఎంత మూసినా ఆమెకు తెలిసేది. ఒక్కమాట బయట చెప్పేది కాదు.

మాట్లాడటం ఖరీదు కాబట్టి మాట్లాడకుండా చెప్పుకునే పద్ధతి ఒకటి ఉండేది. ఊరికి చేరినవాడు బూత్‌కు ఫోన్ చేసి, ఒక్క రింగు కాగానే పెట్టేసేవాడు. ఒక్క రింగంటే చేరినట్టు. రెండు రింగులంటే, నాకు పైసలు లేవు, మీరే తిరిగి చేయండి అని. ఎత్తితే అవతలివాడికి డబ్బు పడుతుంది, ఎత్తకపోతే ఏమీ పడదు. ఎవరి రింగు ఏ వేళకు వస్తుందో ముందే చెప్పి ఉంచేవాళ్లు. ఆమె ఇంటివాళ్లకు కబురు పంపేది. "మీ ఆయన చేరిండు" అనేది. అంతే.

ఆ రోజుల్లోనే ఢిల్లీలో ఫోన్ల కోసం ఒక సంస్థ పెట్టారని పేపర్లో చదివింది. అది సర్కారు టెలిఫోన్లవైపూ ఉండదట, కొత్తగా వస్తున్న కంపెనీలవైపూ ఉండదట. మధ్యలో కూర్చుని రేట్లు చూస్తుందట, ఒకరి లైన్లోకి ఇంకొకరి కాల్ పోనివ్వకుండా ఆపితే అడుగుతుందట. క్రికెట్‌లో అంపైర్ లాంటిదని ఆమె అనుకుంది. ఆ అంపైర్ చెయ్యెత్తినప్పుడల్లా రేటు కాస్త తగ్గేది. కస్టమర్లు సంబరపడేవాళ్లు. ఆమె కొత్త రేట్ల కాగితం పాతదాని మీద అంటించేది. గోడ మీద ఆ కాగితాలు దళసరిగా పేరుకున్నాయి. వరసలో నిలబడే మనుషులు పలుచబడ్డారు.

రెండు వేల ఒకటిలో నాగపూర్ రోడ్డు పొడుగునా కందకం తవ్వడం మొదలైంది. ఒక ప్రైవేటు కంపెనీ కేబులు వేస్తోంది. కూలీల గుడారాలు అత్వెల్లి దగ్గర వేశారు. వాళ్లలో బాలేష్ ఒకడు. జహీరాబాద్ దిక్కు మనిషి, ముప్పై ఏళ్లు ఉంటాయి, గోళ్ల సందున ఎప్పుడూ నల్లటి జిగురు. ప్రతి గురువారం వచ్చి, ఊళ్లో కిరాణా కొట్టు నంబరుకు చేసి, వాళ్లమ్మను పిలిపించుకుని మాట్లాడేవాడు.

"గీ తవ్వుడు దేనికి?" అని ఒకరోజు ఆమె అడిగింది.

"మీ దుకాణం బంద్ వెట్టనీకి."

ఆమె తలెత్తి చూసింది. అతను నవ్వడం లేదు.

"నిజమే జెప్తున్న. గీ తీగె వడ్డదంటె ఢిల్లీ దాక ఎవరైన ఫోన్ నడపొచ్చంట. సర్కారు ఒక్కటే గాదు. ఇగ రేట్లు మస్తు వడ్తయ్."

"మరి దవ్వేది నువ్వే గద."

"నేను దవ్వ. నేను అతుకువెడ్త."

తర్వాతి గురువారం జేబులోంచి చిన్న ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. వెంట్రుకంత గాజు పోగు. రెండు కొసలు కలిపి అతుకు పెడతానని, అతుకు సరిగా పడకపోతే అవతల ఏమీ వినపడదని చెప్పాడు. అందరూ ఆమెను అక్కా అనేవాళ్లు. అతను మాత్రం గోడ మీది లైసెన్సు కాగితంలో ఉన్నట్టే "జానకీదేవి గారు" అనేవాడు. ఆ "గారు" మేడ్చల్ బస్టాండులో ఎబ్బెట్టుగా ఉండేది.

"గట్ల పిలిస్తె నేనేదో పంతులమ్మ లెక్క ఉన్న," అంది ఒకసారి.

"అక్కా అనాల్నా మరి?"

ఆమె రసీదు చించి ఇచ్చింది. అనమని చెప్పలేదు.

వానాకాలం చివర ఒక గురువారం అతను గాజు తలుపు తీసుకుని బయటికి వచ్చి, రసీదు కోసం ఆగకుండా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ పోయిందని కిరాణా కొట్టువాడు చెప్పాడు. పోయి నాలుగు రోజులయింది. ఊరికి వెళ్లి పదకొండో రోజున తిరిగి వచ్చాడు. అప్పటికి గుడారాలు ఎత్తేస్తున్నారు. పని రామాయంపేట దాటింది.

"పోయినకాడికల్లా చేరిన్నని అమ్మకు జెప్తుంటి. ఇగ ఎవరికి జెప్పాలె," అన్నాడు. ఆమెను అడిగినట్టు కాదు, రోడ్డు వైపు చూస్తూ.

"ఈడికి రింగియ్యి," అంది జానకీదేవి. "ఒక్క రింగు. నేను ఎత్త. ఎత్తకుంటె నీకేం పడది. చేరినవని సమజైతది."

"ఎత్తరా?"

"ఎత్త."

అతను వెళ్లిన ఎనిమిదో రోజు పొద్దున తొమ్మిది దాటాక ఒక్క రింగు వచ్చింది. పక్కనే ఎవరో ఉన్నారు. ఆమె బిల్లు రాస్తూ ఉండిపోయింది. ఆ బిల్లు పూర్తి చేయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత ఏడాదికి నాలుగైదు రింగులు. అతను కొత్త చోటికి మారినప్పుడల్లా ఒకటి. ఎక్కడికి చేరాడో తెలియదు. ఆదిలాబాద్ కావచ్చు, నాందేడ్ కావచ్చు. పేపర్లో ఎక్కడ కేబులు వేస్తున్నారని పడితే అక్కడ అనుకునేది. పెళ్లయిందో లేదో తెలియదు. మాట్లాడాలని ఎంత ఉన్నా, ఎత్తితే పాపం అతనికి డబ్బు పడుతుందని ఆపుకునేది. ఆ ఆపుకోవడంలో ఒక సుఖం ఉండేది. అతని డబ్బు తను కాపాడుతోంది.

రేట్లు ఇంకా పడ్డాయి. సెల్‌కు వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. గాజు తలుపు అమ్మేసింది. రెండు వేల తొమ్మిదిలో కంపెనీలు పోటీపడి సెకనుకు పైసా అన్నాయి. ఆ బోర్డు తన షాపు ముందు తనే కట్టించింది. కట్టించిన రోజు సాయంత్రం ఆమె ఒక లెక్క వేసింది: ఎత్తి ఒక మాట విన్నా అతనికి పడేది రెండు మూడు పైసలు.

వచ్చే రింగు ఎత్తాలని నిశ్చయించుకుంది. ఏమనాలో కూడా అనుకుంది. "బాగున్నవా?" అంటే చాలు. రెండు నెలలకు రింగు వచ్చింది. చెయ్యి ముందే రిసీవర్ మీద ఉంది. ఎత్తింది.

"హలో, ఎస్టీడీ," అంది.

పద్నాలుగేళ్లుగా రోజుకు వందసార్లు అన్న మాట. నోట్లోంచి అదే వచ్చింది. అవతల ఏదో పెద్ద బండి పోతున్న చప్పుడు. ఆ చప్పుడు వెనక ఎవరో ఊపిరి పీల్చినట్టనిపించింది. తర్వాత లైను కట్టయింది.

పద్నాలుగు నెలలు రింగు రాలేదు. ఎత్తనని చెప్పి ఎత్తినందుకు కోపమా, తను గుర్తుపట్టలేదని బాధా, వేరే ఎవరో అనుకున్నాడా? మూడింటినీ తిప్పి తిప్పి ఆలోచించింది. మళ్లీ ఒక పొద్దున ఒక్క రింగు వచ్చినప్పుడు బల్ల పట్టుకుని నిలబడిపోయింది. ఇక ఎప్పుడూ ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుంది.

రెండు వేల పదహారులో మాట్లాడటం పూర్తిగా ఉచితమైంది. ఎత్తితే అతనికి పడేది ఏమీ లేదు. ఎత్తకపోవడానికి చెప్పుకునే కారణం కూడా మిగల్లేదు. అయినా రింగు ఒక్కటే వచ్చేది, ఆమె అలాగే వినేది.

*

నంబరు పోతే ఆ రింగు ఎక్కడికి వస్తుంది? కుర్మయ్య వచ్చి వెళ్లినప్పటి నుంచి ఆమెకు అదొక్కటే ఆలోచన.

ఫిబ్రవరిలో పేపరు మూలన చిన్న ప్రకటన కనపడింది. ఢిల్లీ సంస్థవాళ్లు సిటీలో ఒక హోటల్లో బహిరంగ సభ పెడుతున్నారు. నంబర్ల విషయంలో నిబంధనల గురించి ఎవరైనా వచ్చి అభిప్రాయం చెప్పవచ్చు. "ఎవరైనా" అన్న మాటను ఆమె రెండుసార్లు చదివింది. మేడ్చల్ స్టేషన్లో లోకల్ రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో వెళ్లింది.

హాలు చల్లగా ఉంది. కోట్లు వేసుకున్నవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. ఒక కంపెనీవాళ్లు లేచి ఒకటి చెబితే ఇంకో కంపెనీవాళ్లు కాదంటున్నారు. మధ్యలో కూర్చున్న అధికారి ఇద్దరి మాటా రాసుకుంటున్నాడు. నిజంగానే అంపైర్‌లా ఉన్నాడు. గంటన్నర తర్వాత మైకు ఆమె దగ్గరికి వచ్చింది. ఆమె లేవడానికి కాస్త టైము పట్టింది.

"సార్, మాది మేడ్చల్. ముప్పై ఏండ్ల సంది ఫోన్ల పనే. నా ల్యాండ్‌లైన్ నంబరు జాగ మారితె పోతదంటున్నరు."

అధికారి తెలుగువాడే. "అమ్మా, ఇక్కడ ఒక్కొక్కరి ఫిర్యాదు తీసుకోం. అది మీ కంపెనీకి పెట్టుకోవాలి. నిబంధన ఎలా ఉండాలో చెప్పండి, రాసుకుంటాం."

ఆమె మైకు ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"గదే జెప్తున్న సార్. సెల్ నంబరుకు మీరు కాళ్లిచ్చిన్రు. ఏడికంటె ఆడికి వోతది. ల్యాండ్‌లైన్ నంబరుకు ఇయ్యలే. గది ఉన్నకాడనే ఉండాలె. దానికి గూడ కాళ్లియ్యుండ్రి."

వెనక వరసల్లో నవ్వు వినపడింది. ముందు వరసలోవాళ్లకు ఆమె కాలిపర్ కనపడుతోంది. వాళ్లు నవ్వలేదు. అధికారి రాసుకున్నాడు. రాసి, కలం మూయకుండా, "ఆ నంబరే కావాలని ఎందుకమ్మా?" అన్నాడు. సభకోసం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"కస్టమర్లు ఉన్నరు సార్."

"ఎంతమంది?"

"ఒక్కరు."

మైకు పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. నిబంధన మారడానికి ఏళ్లు పడుతుందని, అసలు మారుతుందో లేదో తెలియదని ఆమెకు తెలుసు. రైల్లో తిరిగి వస్తూ దాని గురించి ఆలోచించలేదు. ఒక్కరు అన్న మాట తన నోటితో మొదటిసారి నలుగురిలో అన్నందుకు చెవులు వేడెక్కాయి. గుండ్లపోచంపల్లి దాటేదాకా అలాగే ఉన్నాయి.

ఇంటికి చేరాక నయనకు ఫోన్ చేసింది.

"సుచిత్రకు నేను రాను బిడ్డా."

"మళ్ల ఏమైంది అత్తమ్మా? షాపుకు అడ్వాన్సు మాట్లాడిన. నీకు లిఫ్టు ఉన్నది, నేనున్న."

"అత్వెల్లి తొవ్వల ఒక షట్టర్ చూసిన. మెట్లు లేవు."

"ఆడ ఎవరున్నరు నీకు?"

"ఎక్స్చేంజి ఉన్నది," అంది జానకీదేవి.

"నీకు గా డబ్బా ఫోన్ మీద ఉన్న ప్రేమ, పావురం నామీద లేదు," అని నయన ఫోన్ పెట్టేసింది. గంట తర్వాత మళ్లీ తనే చేసి, సామాను ఎప్పుడు ఎత్తాలో అడిగింది.

*

ఏప్రిల్‌లో అత్వెల్లి దారిలోని కొత్త షట్టర్‌లోకి మారింది. లైను పదకొండు రోజులు లేదు. పన్నెండో రోజు కుర్మయ్య ఫైబర్ తెచ్చాడు. పోగు చివర అతుకు పెడుతుంటే ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని చూసింది.

"గంత దగ్గర కూసోకు అక్కా. గాజు ముక్క గుచ్చుకుంటది."

"తెలుసు."

గోధుమ రంగు ఫోన్ దీనికి పనికిరాదట. నల్లటి కొత్తది పెట్టాడు. దాని నెత్తిన చిన్న తెర ఉంది.

"ఇగ ఎవరు జేసిన్రో నంబరు కనవడ్తది. ఎత్తకముందే."

"అది రాకుంట జెయ్యొస్తదా?"

కుర్మయ్య చేతులు ఆపి చూశాడు. "పైసలు కట్టి వెట్టిచ్చుకుంటరక్కా. వద్దనే మనిషిని నిన్నే చూస్తున్న."

తెర అలాగే ఉండిపోయింది. మొదటి రెండు నెలలు ఆమె ఫోనును గోడవైపు తిప్పి పెట్టింది. తర్వాత తనవైపు తిప్పుకుంది. మే, జూన్, జులై. రాంగ్ నంబర్లు వచ్చాయి, లోను కావాలా అని అడిగేవాళ్లు వచ్చారు. ఒక్క రింగు రాలేదు. లైను లేని పదకొండు రోజుల్లో వచ్చి ఉంటుందా? నంబరు మనుగడలో లేదని ఆ రికార్డు గొంతు అతనికి చెప్పి ఉంటుందా? తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ ఇదే అనుకునేది.

ఆగస్టులో, ముసురు పట్టిన ఒక పొద్దున, షట్టర్ సగం లేపి లోపలికి వంగి దూరుతుండగా ఫోన్ మోగింది. ఒక్కసారి మోగి ఆగిపోయింది.

తెర మీద పది అంకెలు వెలుగుతున్నాయి.

గొడుగు చేతిలోనే ఉంది. నీళ్లు కారుతున్నాయి. ఒకప్పుడు మొదటి నాలుగు అంకెలు చూస్తే ఏ కంపెనీదో, ఏ రాష్ట్రందో చెప్పేసేది. ఇప్పుడు నంబర్లు ఎటంటే అటు మారిపోతాయి, అంకెలను బట్టి ఏమీ తెలియదు. ఇప్పటికీ అతను ఎక్కడున్నాడో తెలియదు. కానీ ఎలా అందుకోవాలో మాత్రం ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి కళ్లముందు ఉంది. తెర ఆరిపోయేలోపు అంకెలు నోటికి వచ్చేశాయి.

తిరిగి చేస్తే ఏమీ పడదు. నయనైతే ఈపాటికి చేసి మాట్లాడుతూ ఉండేది. ఇల్లాలు ఎత్తవచ్చు. పిల్లలు ఎత్తవచ్చు. అతనే ఎత్తితే తన నోట్లోంచి ఏ మాట వస్తుంది?

అప్పుడు ఆమెకు తట్టింది. ఇన్నేళ్లలో చేరింది ఎప్పుడూ అతనే. తను ఎక్కడికీ కదలలేదు కాబట్టి ఆ భాషలో తనకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. ఈసారి తనూ మారింది. పాత బస్టాండు నుంచి అత్వెల్లి తొవ్వకు, కిలోమీటరున్నర.

గొడుగు గోడకు ఆనించింది. రిసీవర్ ఎత్తి, ముందు సున్నా, తర్వాత పది అంకెలు నొక్కింది. అవతల ఒక్కసారి మోగింది. పెట్టేసింది.

షట్టర్ పూర్తిగా పైకి లేపింది. జిరాక్సు మిషను ఆన్ చేసింది. అది వేడెక్కుతున్న చప్పుడు గదంతా నిండింది. పట్టాదారు పాసుపుస్తకం చేతిలో పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు.

"రెండు కాపీలు, బిడ్డా."

మొదటి కాపీ బయటికి వస్తుండగా ఫోన్ మోగింది. ఆమె చెయ్యి మిషను మీదే ఉంది. ఒకటి. ఆగలేదు. రెండు.

ఆగిపోయింది.

"ఎవరో జేసిన్రు, ఎత్తకపోతివి," అన్నాడు ముసలాయన.

"తిరిగి జెయ్యమన్నరు," అంది.

"ఎత్తకుంటనే ఎట్ల ఎరికైంది నీకు?"

రెండో కాపీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన వాన చూసుకుని, పుస్తకం చొక్కా లోపల దోపుకుని వెళ్లాడు. ఆమె స్టూలు ఫోను దగ్గరికి లాక్కుని కూర్చుంది. రిసీవర్ ఇంకా ఎత్తలేదు. ముందు పెదవులు కదిపి, చప్పుడు రాకుండా, హలో అంది. హలో తర్వాత ఎస్టీడీ అన్న ఆ పాత మాట రాకుండా కాసేపు ఆగింది. మళ్లీ మొదటి నుంచి అంది.